చీనీ (బత్తాయి) తోటలో పగటి క్యాంపు: నాలుగేళ్ల లాబ్రడార్‌కు స్థలం ఎంపిక (అనంతపురం కేస్ స్టడీ)

కుక్క: మగ లాబ్రడార్, వయసు 4 ఏళ్లు, బరువు 39 కిలోలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కాలేదు. ఇల్లు: అనంతపురం ఊళ్లో మొదటి అంతస్తు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, పగలంతా ఇంట్లో డెబ్బై దాటిన అవ్వ ఒక్కరే. ఫిర్యాదు: తలుపు గీకుతుంది, చెప్పులు, సోఫా మూలలు కొరుకుతుంది, సాయంత్రం బయటికి తీసుకెళ్తే మనిషినే ఈడ్చుకుపోతుంది. ఊరి చుట్టుపక్కల తోటల్లో, లేఅవుట్లలో మొదలైన 'అడ్వెంచర్ డే క్యాంపు'ల్లో ఒకదానికి వారానికి రెండు రోజులు పంపాలని కుటుంబం ఆలోచన. మూడు చోట్లు చూసి పెట్టుకున్నారు, ఏది క్షేమమో చెప్పమని పశువైద్యులమైన మమ్మల్ని అడిగారు.

ఇలాంటప్పుడు పాటించాల్సిన వరుస ఒకటే. ముందు కుక్క, తర్వాత మనుషులు, ఆ తర్వాత స్థలం, ఆటలు చిట్టచివర. జనం ఎక్కువగా ఈ వరుసను తిరగేస్తారు. టైరులోంచి దూకే వీడియో చూసి డబ్బు కట్టేస్తారు. క్యాంపు ఎంత మంచిదో తెలియాలంటే అది ఏ కుక్కను వద్దంటుంది, ఏ వేళకు ఆట ఆపేస్తుంది అన్న రెండూ అడగాలి. మిగిలిన ప్రశ్నలన్నీ వీటి చుట్టూ తిరిగేవే.

ముందు కుక్క

39 కిలోలంటే లాబ్రడార్‌కు మామూలే కదా అనిపిస్తుంది. చేత్తో తడిమితే పక్కటెముకలు గట్టిగా నొక్కితే గాని తగల్లేదు. పైనుంచి చూస్తే నడుము దగ్గర నొక్కు లేదు. బాడీ కండిషన్ స్కోరు (ఒంటి కొవ్వును చూసి 1 నుంచి 9 వరకు వేసే అంకె) 9కి 7. ఈ స్కోరులో 5 దాటిన ప్రతి మెట్టుకూ ఉండాల్సిన బరువుకన్నా 10 నుంచి 15 శాతం ఎక్కువని లెక్క. ఆ లెక్కన ఇది 31, 32 కిలోలు ఉండాలి. ఏడు కిలోల కొవ్వు కోటు తొడిగి అనంతపురం ఎండలో పరిగెత్తించినట్టే. దీనికి కారణం వెతకనక్కర లేకపోయింది. రెండు పూటలా పెరుగన్నం, మధ్యలో అవ్వ చేతి బిస్కెట్లు.

టీకాల పుస్తకంలో రేబిస్ సకాలంలోనే ఉంది. నైన్ ఇన్ వన్ (పలు జబ్బులకు కలిపి వేసే టీకా) చివరిసారి వేసి రెండేళ్లయింది. అందులో డిస్టెంపర్, పార్వో అనే వైరస్ జబ్బుల భాగాలు అంత కాలం కాపాడొచ్చు గాని లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా భాగానికి ఏడాదికి మించి భరోసా లేదు. తోటలో ఎలుకలుంటాయి, నిలవ నీళ్లుంటాయి. ఎలుక మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టో వస్తుంది. అందుకని ఆ టీకాను 3 వారాల తేడాతో రెండు డోసులుగా మళ్లీ మొదలుపెట్టాం. కెన్నెల్ కాఫ్ (కుక్క నుంచి కుక్కకు అంటే దగ్గు) టీకా ఎన్నడూ వేయించలేదు, అదీ వేశాం. చివరి డోసు తర్వాత ఇంకో రెండు వారాలు ఆగమన్నాం. కలిపి ఐదు వారాలు. కుటుంబానికి ఇది రుచించలేదు. వాళ్లు చూసి పెట్టుకున్న మూడింటిలో, టీకాల పుస్తకం అడగకుండా 'రేపటి నుంచే పంపండి' అన్న క్యాంపు ఒకటి అప్పటికే ఉంది. పుస్తకం అడగని చోట మీ కుక్క పక్కన నిలబడే కుక్క పుస్తకం కూడా ఎవరూ చూసి ఉండరు.

పిడుదులకు ఇంట్లో పౌడరు చల్లుతున్నారు. తోటకు వెళ్లే కుక్కకు పౌడరు సరిపోదు. మన దగ్గర కుక్కల మీద కనిపించే గోధుమరంగు పిడుదు ఎర్లీకియా, బబీసియా అనే రెండు రక్తపు జబ్బులనూ మోస్తుంది. ఎర్లీకియా కుట్టిన 8 నుంచి 20 రోజులకు బయటపడుతుంది: జ్వరం, తిండి మానేయడం, ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కులోంచి రక్తం, పొట్ట మీద ఎర్రచుక్కలు. మూడు వారాల కిందటి క్యాంపుకు, ఈనాటి జ్వరానికి ఎవరూ ముడిపెట్టరు. అందుకని క్యాంపుకు ముందే రక్తపు స్మియర్, ప్లేట్‌లెట్ కౌంట్ చేయించి ఉంచుకోవాలి. రేపు తేడా వస్తే పోల్చి చూడటానికి ఆధారం ఉంటుంది. దీనికి రెండూ మామూలుగానే వచ్చాయి. పిడుదులకు నమిలే మాత్ర మొదలుపెట్టాం. ఫ్లూరలానర్ అయితే 12 వారాలకు ఒకటి, అఫాక్సొలానర్ అయితే నెలకొకటి. మూర్ఛలు వచ్చే కుక్కకు ఈ జాతి మందులు ఆచితూచి వాడాలి, దీనికి ఆ చరిత్ర లేదు. మాత్ర వేసినా పిడుదు కుట్టాకే చస్తుంది. కాబట్టి తోట నుంచి వచ్చిన రోజు వేళ్ల సందులు, చెవి మడతలు, కాలర్ కింద చేత్తో వెతకడం మానకూడదు.

అసలు విషయం మాటల మధ్యలో బయటపడింది. "బంతి ఆడిస్తే ఒక్కోసారి వెనక కాళ్లు తూలతాయి సార్, బరువు కదా" అన్నారు. బరువు వల్ల కావచ్చు, తుంటి కీళ్ల వల్ల కావచ్చు. లాబ్రడార్ అయితే మూడోది కూడా చూడాలి: ఎక్సర్‌సైజ్ ఇండ్యూస్డ్ కొలాప్స్. డీఎన్ఎం1 అనే జన్యువులో లోపం, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే జబ్బు. మామూలుగా ఆరోగ్యంగా ఉండే కుక్క, ఉత్సాహం తలకెక్కి 5 నుంచి 15 నిమిషాలు ఆపకుండా పరిగెత్తితే వెనక కాళ్లు పట్టు తప్పుతాయి, స్పృహ మాత్రం ఉంటుంది. చాలావరకు అరగంటలోపే తేరుకుంటాయి. అక్కడ కూడా ఆపకుండా ఆడిస్తే ప్రాణం పోవచ్చు. ఎక్స్‌రేలో తుంటి కీళ్లు పర్వాలేదు. శాంపిల్ ల్యాబ్‌కు పంపితే రెండు కాపీలూ లోపమున్నవేనని వచ్చింది.

దీంతో ప్రశ్నే మారిపోయింది. ఈ కుక్కకు కావాల్సింది ఎక్కువ పరిగెత్తించే క్యాంపు కాదు. పరిగెత్తించొద్దంటే వినే క్యాంపు కావాలి. నడక, వాసన పట్టే ఆటలు, నీడ, నిద్ర ఇవే దీని అడ్వెంచర్.

చూసిన మూడు చోట్లు

మొదటిది హైవే పక్క ప్లాట్ల లేఅవుట్. ఇనుప నిచ్చెనలు, టైర్లు, నకిలీ పచ్చగడ్డి పరిచిన మైదానం, చెట్టు ఒక్కటి లేదు. ఫిబ్రవరిలో ఉదయం పదకొండుకు ఆ గడ్డి మీద అరచేతి వెనక భాగం ఆనించి చూస్తే ఐదు సెకన్లు ఉంచలేకపోయాం. చేతికి కాలేది పంజాలకూ కాలుతుంది. నాపరాళ్లు, తారు, సిమెంటు, ప్లాస్టిక్ గడ్డి అన్నింటికీ ఇదే పరీక్ష, ఏడు సెకన్లు హాయిగా ఉంచగలిగితేనే కుక్కను నడిపించాలి. ఇరవైకి పైగా కుక్కలకు ఇద్దరు కుర్రాళ్లు. ఇక చూడాల్సింది లేదు.

రెండోది కళ్యాణదుర్గం వైపు గుట్టల్లో తెల్లవారుజామున గొలుసు విప్పి నడిపించే ట్రెక్. ఆ ప్రాంతంలో చిరుతలు, ఎలుగుబంట్లు తిరుగుతాయన్నది పశువుల కాపరులందరికీ తెలిసిన సంగతే. చిరుతకు కుక్క ఇష్టమైన వేట, అది తిరిగే వేళ కూడా అదే. నిర్వాహకుడు బాగా కుక్కలు తెలిసినవాడైనా ఈ ఒక్క కారణం చాలు.

మూడోది ఊరికి 14 కిలోమీటర్ల దూరంలో చీనీ తోట. నాలుగెకరాల తోటలో ఒక ఎకరాకు కంచె వేసి క్యాంపు నడుపుతున్నారు. పెద్ద వేపచెట్లు మూడు, పాత పంపుసెట్టు గది, రేకుల షెడ్డు మీద చెరకు ఆకు కప్పు. చూడగానే అందరికీ నచ్చే చోటు. ఎక్కువసేపు తిరిగి చూడాల్సింది కూడా ఇలాంటి చోటే. తోట కుక్కకోసం కట్టింది కాదు, పంటకోసం కట్టింది.

కంచె చైన్‌లింక్, 6 అడుగుల ఎత్తు, బాగుంది. అడుగున మాత్రం నేల మీద ఆనిందే గాని పూడ్చలేదు. ఎర్రనేల, వాన పడితే పది నిమిషాల్లో తవ్వి దూరిపోతుంది. అడుగు లోతున మెష్ పూడ్చడమో, లోపలి వైపు అడుగున్నర వెడల్పు మెష్ నేలకు పరిచి మేకులు కొట్టడమో చేయాలి. గేటు ఒక్కటే. ఒక కుక్క లోపలికి వస్తుండగా ఇంకోటి బయటికి జారుతుంది. రెండు గేట్లు, మధ్యలో మనిషి, కుక్క నిలబడేంత చోటు, ఒకటి మూస్తేనే రెండోది తెరిచేలా ఉండాలి. ఈ రెండూ అడిగితే వారంలో చేయించారు. అడిగిందానికి ఎలా స్పందించారన్నది కూడా పరీక్షలో భాగమే.

ఫారం పాండ్ దగ్గర ఎక్కువసేపు ఆగాల్సి వచ్చింది. అనంతపురం తోటల్లో నీళ్లు ఇంకిపోకుండా కుంటకు నల్ల ప్లాస్టిక్ షీటు పరుస్తారు. గట్టు ఏటవాలు. నీటి అంచున షీటు మీద పలచటి పచ్చ పాకుడు పేరుకుని ఉంటుంది. కుక్క దిగడం తేలిక. ఎక్కబోతే ముందు కాళ్ల గోళ్లు షీటు మీద గీసుకుంటూ జారతాయి, వెనక కాళ్లకు ఆనిక దొరకదు, మళ్లీ మళ్లీ ప్రయత్నించి అలిసిపోతుంది. ఈత బాగా వచ్చిన లాబ్రడార్ కూడా ఇలా మునిగిపోతుంది, ఎందుకంటే ఇక్కడ ఈత సమస్యే కాదు. పరిష్కారం ఖరీదైనదేమీ కాదు: కుంట చుట్టూ 4 అడుగుల మెష్, తాళం వేసే గేటు. నాలుగు పక్కలా ఒడ్డున గట్టిగా కట్టి నీళ్లలోకి రెండు అడుగులు మునిగేలా వేసిన తాళ్ల వల. ఈతకు వదిలే పక్కన గోనెసంచులు కుట్టి పరిచిన మెట్లదారి. ఈతకు దిగే ప్రతి కుక్కకూ వీపు మీద పట్టీ ఉన్న లైఫ్ జాకెట్, నీటి అంచున ఇద్దరు మనుషులు. ఒక విడతకు 10 నిమిషాలకు మించి వద్దు. నోట్లో బంతితో పదేపదే ఈదే కుక్క నీళ్లు మింగేస్తుంది, రక్తంలో సోడియం పడిపోతుంది. తూలడం, వాంతి, కడుపుబ్బరం దాని గుర్తులు. నీరు పచ్చ రంగు పోసినట్టు చిక్కగా మారితే ఆ కుంట వైపే పోనివ్వొద్దు, అందులో కొన్ని నాచులు కాలేయాన్ని గంటల్లో దెబ్బతీస్తాయి.

ఇక చెట్ల కింద. చీనీకి ఎరువుగా ఆముదపు చెక్క (గింజల నూనె తీశాక మిగిలే పిప్పి) వేస్తారు. కుక్కలకు దాని వాసన మహా ఇష్టం, బస్తా మూలన చింపి తినేస్తాయి, పాదుల్లో వేసింది తవ్వి తింటాయి. అందులో ఉండేది రైసిన్ అనే విషం. తిన్న కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల్లోగా వాంతులు, రక్త విరేచనాలు మొదలవుతాయి. విరుగుడు మందు లేదు. తిన్న గంట రెండు గంటల్లో డాక్టరు దగ్గర కక్కిస్తే ఆశ ఎక్కువ. ఇంట్లో ఉప్పు నీళ్లు తాగించి కక్కించే పని మాత్రం వద్దు, ఉప్పే విషమవుతుంది. ఈ తోటలో చెక్క బస్తాలు పంపుసెట్టు గదిలో, తలుపు లేకుండా, కుక్కలు మధ్యాహ్నం పడుకునే చోటికి పది అడుగుల్లో ఉన్నాయి. వాటిని కంచె బయటికి తరలించారు. కంచె లోపలి ఎకరాలో చెక్క వేయడం మానేసి పశువుల ఎరువుకు మారారు.

పండు పీల్చే పురుగుకు బెల్లం నీళ్లలో మలాథియాన్ అనే పురుగుమందు కలిపి వెడల్పు డబ్బాల్లో చెట్ల కింద పెట్టే అలవాటు ఉంది. బెల్లం వాసనకు పురుగు ఎంత తొందరగా వస్తుందో కుక్కా అంతే తొందరగా వస్తుంది. చొంగ కారడం, కంటిపాప సూదిమొనంతగా ముడుచుకోవడం, వణుకు కనిపిస్తే ఆర్గానోఫాస్ఫేట్ (మలాథియాన్ జాతి మందుల) విషమని అనుమానించి వెంటనే కదలాలి. విరుగుడు మందు అట్రోపిన్ చేతిలో ఉన్న డాక్టరుకు ఇది చికిత్స ఉన్న విషమే, ఆలస్యమైతేనే చేతులెత్తేయాలి. డ్రిప్పు పైపులు కొరికే కుక్కలున్న చోట ఎరువు కలిపిన నీళ్లు వదిలే రోజు, మందు కొట్టిన రోజు క్యాంపు పెట్టకూడదు. ఏ రోజు ఏం కొట్టారో గోడ మీద బోర్డులో రాయించాం. డబ్బా మీద ఇచ్చిన వ్యవధి పూర్తయ్యేదాకా ఆ వరసల్లోకి కుక్క పోకూడదు.

కంచె బయట అడవిపందులకోసం పక్క చేల రైతులు కరెంటు తీగలు లాగుతారు. పక్క రైతును పిలిచి మాట్లాడి, తీగ ఎటు ఉందో చూసి, ఆ వైపు నడకలు మానేయడం తప్ప వేరే దారి లేదు. నీళ్లు పడక వదిలేసిన బోరు గుంత తోట మూలలో ఒకటి నోరు తెరుచుకుని ఉంది. దానికి వెల్డింగ్ మూత వేశారు. చెనిక్కాయ (వేరుశనగ) పీకాక కట్టెలు కుప్ప వేసిన చోట బూజు పట్టిన కాయలు తింటే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది, కాబట్టి కుప్పలున్న నెలల్లో ఆ గట్టు వైపు గొలుసు లేకుండా పోకూడదు. గొర్రెల మందలు వచ్చే దారి కూడా చూసుకోవాలి. మంద కాపలా కుక్కలు ఊరి కుక్కల్లా అరిచి ఊరుకోవు. చచ్చిన గొర్రె లోపలి భాగాలు తిన్న కుక్కకు హైడాటిడ్ తిత్తుల పురుగు పడుతుంది, అది మనుషులకూ అంటుకుంటుంది. అందుకే తోటకు వెళ్లే కుక్కకు 3 నెలలకొకసారి ప్రాజిక్వాంటెల్ ఉన్న నులిపురుగుల మందు.

పల్లేరుకాయల గురించి చెప్పక్కర్లేదు. సాయంత్రం వేళ్ల సందుల్లో చూసుకోవాలి, అంతే.

పాములు. చెనిక్కాయ చేలల్లో రక్తపింజరి, రాళ్ల కింద చిన్నపింజరి, ఎలుకలున్న చోట నాగుపాము. గట్లమీద గడ్డి కోయించడం, దాణా మూతలున్న డ్రమ్ముల్లో పెట్టడం, రాళ్ల కుప్పలు తీయించడం సగం పని. కుక్క మూతి మీదో కాలిమీదో వాపు కనిపిస్తే గట్టిగా తాడు కట్టకూడదు, కోయకూడదు, పామును వెతుకుతూ కూర్చోకూడదు. ఎత్తుకుని, నడిపించకుండా, బండి ఎక్కించాలి. పింజరి విషమా అన్నది గాజు గొట్టంలో రక్తం 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డ కడుతుందా లేదా అన్న పరీక్షతో తేలుతుంది. నాగుపాము, కట్లపాము, రెండు పింజర్లు, ఈ నాలుగింటికీ ఒకటే పాలివలెంట్ ఇంజక్షన్. క్యాంపు వాళ్లను అడగాల్సింది 'పాములున్నాయా' అని కాదు, ఎక్కడైనా ఉంటాయి. 'ఈ ఇంజక్షన్ ఏ డాక్టరు దగ్గర ఉంది, ఆదివారం ఉంటుందా, ఫోన్ చేసి ఎప్పుడు కనుక్కున్నారు' అని అడగాలి. పై స్థాయి చికిత్సకు ప్రొద్దుటూరు, తిరుపతి పశువైద్య కళాశాలలు ఉన్నాయి గాని అక్కడికి చేరేదాకా కుక్క బతకాలంటే మొదటి గంట ఊళ్లోనే పని జరగాలి.

మనుషులు

లేఅవుట్ క్యాంపులో గేటు గురించి అడిగితే వచ్చిన జవాబు: "యాడికీ పోవు సార్, అన్నీ ఈడే తిరుగుతాంటాయి." తోట క్యాంపు నిర్వాహకురాలిని అదే అడిగితే ఆమె కిందటి వానాకాలంలో ఒక కుక్క ఎక్కడ దూరిందో తీసుకెళ్లి చూపించింది. ఎన్నడూ ఏమీ జరగలేదని చెప్పేవాళ్లకన్నా, జరిగింది చెప్పి ఆ తర్వాత ఏం మార్చారో చూపించేవాళ్లను నమ్మడం మేలు.

గొలుసు లేకుండా వదిలే ఆటకు ఒక మనిషికి 6 కుక్కలు, నీటి దగ్గర ఇద్దరు మనుషులు తప్పనిసరి అన్నది మా గీత. వేరేచోట్ల 10, 15 కూడా నడుపుతారు. చదునైన హాల్లో అది కుదరొచ్చు, తోటలో కుదరదు. గుంపు కట్టేటప్పుడు వయసు, ఆట తీరు, బరువు చూడాలి. బరువులో రెట్టింపుకన్నా ఎక్కువ తేడా ఉన్న కుక్కలను కలిపి పరిగెత్తిస్తే, పారిపోతూ కుయ్యిమన్న చిన్న కుక్క పెద్దదానికి ఒక్క క్షణంలో వేటగా కనిపిస్తుంది. అది కోపం కాదు, అందుకే ముందు హెచ్చరిక ఉండదు. పొమరేనియన్‌ను, ఈ లాబ్రడార్‌ను ఒకే కంచెలో చూస్తే వెనక్కి తిరిగి వచ్చేయడమే.

ఎదకు వచ్చిన ఆడకుక్కను రానిస్తారా అని అడగండి. రానిస్తామంటే, ఆపరేషన్ కాని మగకుక్కలున్న మందలో ఆ రోజు ఏం జరుగుతుందో వాళ్లు ఆలోచించలేదన్నమాట. పొట్టి ముక్కువల్ల ఎండకు తాళలేని పగ్, బుల్‌డాగ్, షిట్జులను ఏ నెలల్లో తీసుకోరని అడగండి. 'అన్నీ తీసుకుంటాం' అన్నది జవాబైతే అది మంచి క్యాంపు కాదు. కాపలా ఉన్నవాళ్లు ఫోన్ చూస్తున్నారా, కుక్కలను చూస్తున్నారా అన్నది పావుగంట నిలబడితే తెలుస్తుంది. ముందుకాళ్లు వంచి పిలవడం, వంతులవారీగా తరమడం, మధ్యమధ్య ఆగి విదిలించుకోవడం ఆట. ఒకటే ఎప్పుడూ కింద పడుతుంటే, తోక కాళ్ల సందున పెట్టి, కంటి తెలుపు కనిపించేలా పక్కకు చూస్తుంటే, మాటిమాటికీ మూతి నాక్కుంటుంటే అప్పుడే విడదీయాలి. మంచి మనిషి గుర్రు, అరుపు వచ్చేదాకా ఆగడు.

ఇంటినుంచి తీసుకెళ్లే బండి సంగతి కూడా చూడాలి. వ్యానులో ఆరు కుక్కలను విడిగా వదిలి తెస్తే దెబ్బలాట దారిలోనే అయిపోతుంది. ఒక్కోదానికి ఒక్కో క్రేటు, నడిచే ఏసీ, దారిలో మిగతావాటిని ఎక్కించేటప్పుడు కూడా ఇంజన్ ఆపకూడదు. ఎండలో నిలిపిన బండిలో పది నిమిషాల్లో వేడి 10 డిగ్రీలు పెరుగుతుంది.

ఎండ

కుక్క చెమటతో చల్లారదు, రొప్పి చల్లారుతుంది. లావు కుక్క, పొట్టి ముక్కు కుక్క, ముసలి కుక్క సరిగా చల్లారలేవు. ఈ కుక్కకు రాసిచ్చిన హద్దులు: నీడలో థర్మామీటర్ 28 డిగ్రీలు దాటితే పరుగు ఏదీ వద్దు. 32 దాటితే నీడలో పడక, వాసన ఆట తప్ప ఏమీ వద్దు. థర్మామీటర్ వేపచెట్టు కొమ్మకు కట్టారు. అదీ ఫోన్‌లో చూసే వాతావరణం కాకుండా అక్కడి లెక్కే పాటించడానికి. జనవరి, ఫిబ్రవరిలో కూడా అనంతపురంలో మధ్యాహ్నానికి 28 దాటడం మామూలే. కాబట్టి నడక 6:30 నుంచి 8:30లోపే, మళ్లీ సాయంత్రం 5 తర్వాత. తిండికి, ఆటకు మధ్య రెండు గంటలు ఉండాలి, నిండు కడుపుతో దొర్లే పెద్ద ఛాతీ కుక్కకు కడుపు మెలిపడే ప్రమాదం ఉంది.

వడదెబ్బ తగిలితే ఏం చేస్తారని అడగడం అన్నింటికన్నా మంచి పరీక్ష. 'వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్తాం' అన్నది వినడానికి బాగుంటుంది, అది సగం జవాబే. ముందు చల్లార్చాలి, తర్వాత తీసుకెళ్లాలి. 14 కిలోమీటర్లు మండుతున్న కుక్కను బండిలో మోస్తే దారిలోనే నష్టం జరిగిపోతుంది. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. ఆసనంలో పెట్టే డిజిటల్ థర్మామీటర్ క్యాంపులో ఉండాలి. ఎడతెగని రొప్పు, చిక్కటి చొంగ, ఇటుక రంగు చిగుళ్లు, తూలు కనిపించి వేడి 104 దాటితే నీడకు లాగి బోరు నీళ్లు పొట్ట కింద, గజ్జల్లో, మెడమీద ఆపకుండా పోయాలి, ఫ్యాను తిప్పాలి. ఇక్కడ రెండు తప్పులు మామూలుగా జరుగుతాయి. ఎండలో పడున్న నల్ల పైపులోంచి మొదట వచ్చే నీళ్లు సలసల కాగుతుంటాయి, అవి పోయేదాకా నేల మీదికి వదలాలి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే కాసేపటికి అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. ఐసుకోసం అంగడికి మనిషిని పంపి కూర్చోవద్దు, ఉన్న నీళ్లు పోస్తుండాలి. వేడి 103.5కు దిగగానే ఆపాలి, లేకపోతే మరీ కిందికి జారిపోతుంది. అప్పుడు ఏసీ బండిలో డాక్టరు దగ్గరికి. లేచి నడిచినా సరే తీసుకెళ్లాల్సిందే, మూత్రపిండాలు, రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజుల తర్వాత గాని బయటపడదు.

మొదలుపెట్టిన తీరు, ఎదురైనవి

కుటుంబం ముందు కుక్క లేకుండా, చెప్పకుండా మధ్యాహ్నం వేళ వెళ్లి చూసింది. కుక్కలన్నీ షెడ్డులో నిద్రపోతున్నాయి, ఇదే కావాల్సింది. తర్వాత రెండు గంటల పరిచయం, ఒక్క నిదానమైన కుక్కతో. తర్వాత రెండు సగం రోజులు. ఆ తర్వాతే పూర్తి రోజు, వారానికి రెండు, మధ్యలో కనీసం రెండు రోజుల విరామం.

క్యాంపుకు ఇచ్చిన కాగితం ఒక్క పేజీ. పై వరుసలో పెద్ద అక్షరాలతో: బంతి విసరొద్దు, తరిమే ఆట 3 నిమిషాలు దాటొద్దు, వెనక కాళ్లు తూలితే అక్కడే కూర్చోబెట్టి చల్లటి నేల, నీళ్లు, వేడి చూడండి. కింద డాక్టర్ల నంబర్లు ఇద్దరివి, యజమాని ఫోన్ ఎత్తకపోతే ఎంత ఖర్చు వరకు చికిత్స మొదలుపెట్టొచ్చో రూపాయల్లో, సంతకంతో. ఆ అంకె రాయని చోట క్యాంపు వాళ్లు ఫోన్ చేస్తూనే కూర్చుంటారు.

రెండో నెలలో ఒక శనివారం, వారాంతానికి మాత్రమే వచ్చే కొత్త కుర్రాడు బంతి విసిరాడు. ఆరు నిమిషాలకు వెనక కాళ్లు దగ్గరగా వచ్చి ఊగాయి. పాత మనిషి చూసి ఆపేసింది. వేడి 104.2, నీళ్లు పోశారు, ఇరవై నిమిషాల్లో తేరుకుంది, అదే రోజు పరీక్షకు తెచ్చారు. రక్తపరీక్ష బాగుంది. కాగితం ఆఫీసు గదిలో ఉంది, కుర్రాడు మైదానంలో ఉన్నాడు, ఇదే తప్పిన చోటు. ఇప్పుడు ఆ కుక్క మెడకు నారింజ రంగు పట్టీ. ఆ రంగు చూస్తే బంతి చేతికి తీసుకోకూడదని వచ్చే ప్రతి మనిషికీ మొదటి రోజే చెబుతారు.

మూడో వారంలో చెవి దురద మొదలైంది, ఎర్రబడి గోధుమరంగు గుమిలి. స్మియర్‌లో మలసీజియా ఈస్టు. వాలే చెవుల కుక్క ఈత కొట్టి తడి చెవులతో పడుకుంటే ఇది మామూలే. మందుతో రెండు వారాల్లో తగ్గింది. ఈత తర్వాత చెవి మడత తిప్పి దూదితో ఆరబెట్టి, చెవి కడిగే ద్రావణం వేయడం కాగితంలో చేర్చాం. లోపలికి పుల్లలు దూర్చడం వద్దు.

'ఇంటికి రాగానే దబ్బున పడి నిద్రపోయింది, బాగా ఆడింది' అన్న మాట కుటుంబం నుంచి మొదటి వారం వచ్చింది. అలిసిన కుక్క, సంతోషించిన కుక్క ఒకటి కాదు. మరునాడు పొద్దున చూడాలి: లేచేటప్పుడు బిగుసుకుపోయిందా, తిండి తిన్నదా, బండి శబ్దానికి గేటు దగ్గరికి వచ్చిందా లేక మంచం కిందికి పోయిందా. ఇది గేటు దగ్గరికే వచ్చింది.

పన్నెండు వారాలకు బరువు 35.4 కిలోలు. ఇందులో క్యాంపు వాటా కొంతే, పెరుగన్నం తగ్గించి దాణా తూచి పెట్టడం వల్ల తగ్గిందే ఎక్కువ. సోఫా కొరకడం క్యాంపు రోజుల్లో లేదు, మిగతా రోజుల్లో ఉంది. తలుపు గీకడం ఒంటరితనపు బెంగ. తోట దానికి మందు కాదు. పది నిమిషాల చొప్పున వదిలి వెళ్లి రావడం, అవ్వ చేతికి బిస్కెట్లకు బదులు దాణా కుక్కి గడ్డకట్టించిన రబ్బరు బొమ్మ ఇవ్వడం విడిగా మొదలుపెట్టారు, ఇంకా నడుస్తోంది.

ఏడాది ప్యాకేజీ తీసుకుంటే 20 శాతం తగ్గిస్తామని క్యాంపు అడిగింది. వద్దన్నాం. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో ఈ కుక్కకు క్యాంపు లేదు, తెల్లవారాక గంట నడక తప్ప. ముందే డబ్బు కట్టినవాళ్లు ఆ డబ్బుకోసమైనా మే నెలలో పంపుతారు. నెలవారీ కట్టడం, ఎండ వల్ల మానేసిన రోజు మరో రోజుకు మారేలా రాయించుకోవడం మేలు. నిర్వాహకురాలు ఒప్పుకుంది. జూన్‌లో వాన పడ్డాక తిరిగి పంపేముందు చేయాల్సినవి ఫైలు చివరి పేజీలో ఉన్నాయి: పిడుదు మాత్ర తేదీ, లెప్టో తేదీ, బరువు, కంచె అడుగున వానకు మట్టి కొట్టుకుపోయిన చోట్లు, కుంట చుట్టూ మెష్, తాళ్ల వల తెగిందేమో, గడ్డి కోత, పాము ఇంజక్షన్ నిల్వ గురించి డాక్టరుకు ఒక ఫోను.